ఆదివారం మూడు గంటల అంగడికి ఎన్ని ఆఫీసులు తిరగాలి?

మూసీ_ఒడ్డు
మాది నల్గొండ జిల్లా. టౌన్ పేరు రాయను, మళ్లీ అదే ఆఫీసుకు పోవాల్సిన పనుంది.

నాలుగు ఊళ్ల నుంచి 14 మంది రైతులం ఆదివారం పొద్దున ఆరింటి నుంచి తొమ్మిది దాకా, జనం వాకింగ్‌కు వచ్చే గ్రౌండు పక్కన రోడ్డు వారగా కూర్చుంటున్నాం. సొరకాయ, బీరకాయ, వంకాయ, టమాటా, ఆకుకూరలు, బత్తాయి, నాటుకోడి గుడ్లు. మా చెల్లె మామిడికాయ పచ్చడి, గానుగ నూనె తెస్తుంది. ఎనిమిది వారాలు బాగానే నడిచింది. తొమ్మిదో వారం మున్సిపాలిటీ ట్రాక్టర్ వచ్చింది. రెండు కాంటలు, ఒక పెద్ద గొడుగు, ఆరు ట్రేల టమాటా ఎక్కించుకొని పోయారు. కాగితం ఏమీ ఇవ్వలేదు. "పర్మిషన్ ఉందా?" అన్నారు. ఏం పర్మిషన్ సార్ అంటే "ఆఫీసుకు రండి" అన్నారు.

సోమవారం పోతే మార్కెట్ యార్డుకు పొమ్మన్నారు. యార్డులో "రిటైల్ మా పని కాదు, పోలీసులను అడగండి" అన్నారు. స్టేషన్‌లో రైటర్ నవ్వి, "మున్సిపాలిటీ లెటర్ తీసుకురా, మేమెందుకు వద్దంటాం" అన్నాడు. మళ్లీ మొదటి ఆఫీసే. బుధవారం కాంటలు ఇచ్చారు. టమాటా అప్పటికే నీరు కారిపోయింది, ట్రేలు తర్వాత ఇస్తామన్నారు.

ఇంతకీ ఏ కాగితం కావాలి? ఎవరిస్తారు? తెలిసినవాళ్లు చెప్పండి. "రాజకీయ నాయకుడిని పట్టుకో" అనే సలహా ఇప్పటికే పదకొండు మంది ఇచ్చారు, అది తప్ప వేరేది చెప్పండి.

పిల్లలమర్రి_నీడ
రైతుబజార్ ఉంది కదా అన్నా. రోడ్డు మీద ఎందుకు?

మూసీ_ఒడ్డు
ఉంది. మా 14 మందిలో కార్డు ఉన్నది ముగ్గురికే. ఐదుగురు కౌలు రైతులు, వాళ్ల పేరు మీద పాసుబుక్కు లేదు. మిగతావాళ్లు అడిగితే షెడ్లు నిండిపోయాయన్నారు.

సాగర్_ఎడమకాల్వ
రైతు తన పంట తాను అమ్ముకోవడానికి ఎవడి పర్మిషన్ అక్కర్లేదు. 2014 వీధి వ్యాపారుల చట్టం చదవండి. సర్టిఫికెట్ ఉన్నవాళ్లను ఖాళీ చేయించాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. పాడయ్యే సరుకు పట్టుకుపోతే అడిగిన రోజే తిరిగివ్వాలి. మీ టమాటా నష్టం వాళ్ల దగ్గరే వసూలు చేయాలి.

అంగడి_చిట్టా
@సాగర్_ఎడమకాల్వ అంత తేలిక కాదు తమ్ముడూ. అదే చట్టంలో, అమ్మకపు సర్టిఫికెట్ కావాలంటే "నాకు వేరే జీవనాధారం లేదు" అని రాసివ్వాలి. ఐదెకరాల పట్టా ఉన్న రైతు వారానికి ఒక్కరోజు వచ్చి అలా రాసిస్తే అబద్ధమే కదా. పైగా ఆ చట్టం మున్సిపాలిటీలు, కార్పొరేషన్ల వరకే. గ్రామ పంచాయతీలో చెల్లదు.

నేను పంచాయతీల్లో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను, అంగడి వేలాలు ఎన్నో రాశాను. మూసీ తమ్ముడు అడిగిన దాంట్లోనే చిక్కుంది. "అంగడి పర్మిషన్" అని ఒక కాగితం ఎక్కడా ఉండదు. ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: మీరు కూర్చున్న జాగ ఎవరిది?

రోడ్డు వార అయితే మున్సిపాలిటీది. ఆర్ అండ్ బీ రోడ్డయితే వాళ్లది. స్కూల్ గ్రౌండయితే విద్యాశాఖది, హెడ్మాస్టర్ నోటిమాట సరిపోదు. గుడి జాగ అయితే దేవాదాయ శాఖ. ప్రైవేటు ప్లాటు అయితే ఓనర్ దగ్గర రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకొని మున్సిపాలిటీకి చెప్పాలి. అది సొంత జాగే అయినా నలుగురు కూర్చొని రోజూ అమ్మితే ప్రైవేటు మార్కెట్ కింద లెక్కగట్టి లైసెన్సు అడగొచ్చు. వారానికి మూడు గంటలకు సాధారణంగా పట్టించుకోరు, కానీ ముందే లెటర్ ఇచ్చి, అది అందినట్టు ఇన్‌వార్డు ముద్ర వేయించుకున్నవాళ్లకూ ఇవ్వనివాళ్లకూ తేడా ఉంటుంది.

యార్డు వాళ్లు చెప్పింది మాత్రం నిజమే. 1966 మార్కెట్ల చట్టం కింద ఫీజు కట్టేది సరుకు కొనే వ్యాపారి. ఇంటికి కిలో వంకాయలు కొనుక్కునే ఆమె దగ్గరా, అమ్మే రైతు దగ్గరా యార్డుకు పని లేదు.

జడ్చర్ల_జామ
"జాగ ఎవరిది" అన్నది నూటికి నూరుపాళ్లు కరెక్ట్. రెండేళ్ల కింద సీతాఫలాల సీజన్‌లో 44 నంబర్ హైవే పక్కన ఇరవై గంపలు పెట్టాం. పంచాయతీ తైబజార్ (అంగడి రుసుము) రసీదు జేబులో ఉందని ధీమా. హైవే గస్తీ బండి వచ్చి "ఈ జాగ పంచాయతీది కాదు, జాతీయ రహదారిది, రసీదు ఇచ్చినవాడిని అడుగు" అన్నారు. రసీదు ఇచ్చినాయన ఫోన్ ఎత్తలేదు.

తూకంరాయి
మీ కాంటలకు ముద్ర ఉందా? ఎవరూ అడగలేదేంటి.

మూసీ_ఒడ్డు
ఏం ముద్ర?

తూకంరాయి
అయిపోయింది 😀

ఎలక్ట్రానిక్ కాంటకు తూనికలు కొలతల శాఖ ఏటా పరీక్ష చేసి ముద్ర వేయాలి. ఇనుప బాట్లు, తక్కెడ అయితే రెండేళ్లకోసారి. మీ కాంట తిరగేసి చూడండి. స్క్రూ దగ్గర సన్నటి తీగ, దానికి సీసం బిళ్ల ఉంటుంది. బిళ్ల మీద సంవత్సరం, దాని పక్కన ఏ, బీ, సీ, డీల్లో ఒక అక్షరం కనపడతాయి. ఆ అక్షరం ఏ మూడు నెలల్లో ముద్ర వేశారో చెబుతుంది. బిళ్ల లేకపోతే, తీగ తెగి ఉంటే, తూకం కచ్చితంగా ఉన్నా తప్పు మీదే.

ఇంకోటి. ఆన్‌లైన్‌లో ఏడెనిమిది వందలకు వచ్చే వంటింటి కాంట అంగట్లో వాడొద్దు. దానికి ప్రభుత్వం ఇచ్చే మోడల్ ఆమోదం ఉండదు, ముద్ర వేయమన్నా వేయరు. కొనేటప్పుడే ముద్ర వేసి ఇస్తారా అని రిపేరు లైసెన్సున్న షాపువాడిని అడగండి. నేను పదిహేనేళ్లుగా ఆ పనిలోనే ఉన్నా.

మెట్టుగడ్డ_మిర్చి
మా అమ్మమ్మ అరకిలోకు గుడ్డలో చుట్టిన రాయి వాడేది. ఆ రాయి మీద ఊరంతటికీ నమ్మకం. ఆమె పోయాక తూచి చూస్తే 540 గ్రాములుంది.

తూకంరాయి
@మెట్టుగడ్డ_మిర్చి అందుకే మీ అమ్మమ్మకు గిరాకీ. అయినా అదీ నేరమే అక్కా.

మూసీ_ఒడ్డు
ఇప్పుడే చూశా. ఒక కాంటకు బిళ్ల ఉంది, కానీ పాతది. రెండోదానికి అసలు లేదు. ఆకుకూర కట్టలు, బత్తాయి డజన్లు కాంట లేకుండానే అమ్ముతాం, దానికీ ఏమన్నా ఉందా?

తూకంరాయి
కట్టలకు, డజన్లకు కాంటతో పని లేదు. కూరగాయలకు మాత్రం కావాలి.

డ్వాక్రా_పచ్చళ్లు
చెల్లె పచ్చడి సంగతి ఎవరూ మాట్లాడలేదు, నేను చెబుతా. ఇదే పని చేస్తున్నా.

పొలంలో పండింది పండినట్టు రైతు అమ్ముకుంటే ఆహార భద్రత చట్టం అడ్డు రాదు. 2006 చట్టంలోనే రైతుకు, అతని పంటకు మినహాయింపు రాసి ఉంది. కానీ కాయ కోసి ఉప్పూ కారం కలిపిన నిమిషం నుంచి మనం రైతులం కాదు, ఆహార వ్యాపారులం. పచ్చడి, నూనె, తేనె, పొడులు, అప్పడాలు అన్నింటికీ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్ కావాలి. నేను తీసుకున్నప్పుడు ఏడాదికి 12 లక్షల టర్నోవర్ లోపు చిన్నవాళ్లకు ఫీజు ఏటా 100 రూపాయలే. ఒకేసారి ఐదేళ్లకు కట్టేశా. ఆధార్, ఫొటో, ఇంటి చిరునామా రుజువు పెడితే ఆన్‌లైన్‌లో అయిపోయింది. మొదటిసారి ఒక ఏజెంటుకు రెండున్నర వేలు ఇచ్చా, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

సీసా మీద 14 అంకెల నంబరు, తయారీ తేదీ, ఎన్నాళ్లు వాడొచ్చు, బరువు, ధర, మన చిరునామా, ఆకుపచ్చ చుక్క ఉండాలి. మేం మొదట్లో స్కెచ్ పెన్నుతో రాసేవాళ్లం. నూనె చేతికి అంటి అక్షరాలు పోయేవి. ఇప్పుడు స్టిక్కర్లు.

గానుగ నూనె మాత్రం డబ్బాలోంచి ముంత ముంచి అమ్మకండి. వంటనూనె లూజుగా అమ్మకూడదు. సీసాలో నింపి, మూత బిగించి, లేబుల్ అంటించాలి.

పాలమూరు_పల్లి
అయ్యో అక్కా, మా వనపర్తి వైపు జనం కళ్లముందు గానుగ ఆడించి, వాళ్లు తెచ్చుకున్న క్యాన్‌లోనే పోయించుకుంటారు. సీసాలో పోస్తే కల్తీ అనుకుంటారు.

డ్వాక్రా_పచ్చళ్లు
వాళ్ల పల్లి వాళ్లే తెచ్చి ఆడించుకుంటే అది ఆడింపు కూలి, వేరే లెక్క. మీ నూనె మీరు అమ్మితేనే ఈ గొడవ. నిజం చెప్పాలంటే నాకూ ఈ రూల్ నచ్చదు, కానీ ఉంది.

హైదరాబాద్_అల్లుడు
పచ్చడి ఆన్‌లైన్‌లో పంపుతారా? సీరియస్‌గానే అడుగుతున్నా.

నల్లకోటు_నకిరేకల్
సాగర్ తమ్ముడూ చిట్టా పెద్దాయనా ఇద్దరూ సగం సగం రైటు. వేరే జీవనాధారం లేదన్న షరతు సర్టిఫికెట్ ఇచ్చేటప్పటి మాట. సరుకు ఎత్తుకుపోయే పద్ధతి దానికి వేరు. ఏమేం తీసుకున్నారో జాబితా రాసి, సంతకం పెట్టి కాపీ చేతికివ్వాలని చట్టంలో ఉంది. కూరగాయల్లాంటివి అడిగిన రోజే ఇవ్వాలి, మిగతావి రెండు పనిదినాల్లో. మీకు కాగితమే ఇవ్వలేదు కాబట్టి అక్కడ వాళ్ల తప్పుంది. కానీ టమాటా కోసం కోర్టుకు పోతే నా ఫీజుకు ఆరు ట్రేలు చాలవు.

చేయాల్సిన పని ఒకటుంది. సమాచార హక్కు కింద 10 రూపాయల ఫీజుతో రెండు ప్రశ్నలు అడగండి: మా పట్టణంలో టౌన్ వెండింగ్ కమిటీ (వీధి వ్యాపారుల సంగతులు చూసే కమిటీ) ఉందా? అమ్మకపు జోన్లు ఎక్కడెక్కడ గుర్తించారు? 30 రోజుల్లో చెప్పాలి. ఆ కమిటీలో 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. జోన్ గీసి ఉంటే దాంట్లో ఆదివారం పూట మీకు జాగ అడగొచ్చు. గీయకపోతే, రోడ్డు మీద వద్దనే ముందు ఎక్కడ కూర్చోవాలో చెప్పండి అని నిలదీయొచ్చు.

గడియారం_సెంటర్
కొనేవాడి వైపు నుంచి ఒక మాట. మా దగ్గర ఇలాంటి ఆదివారం అంగడికి ఆర్నెల్లు పోయి మానేశా. పక్కపక్కన కూర్చున్న ఇద్దరు అవే బెండకాయలు ఒకరు 40, ఒకరు 60 చెబుతారు. చిల్లర ఉండదు. బండి పెట్టే జాగ లేదు. మున్సిపాలిటీ వాళ్లు ఊరికే రాలేదు, మీ గిరాకీ బైకులు రోడ్డుకు అడ్డం పెట్టి ఉంటారు.

మూసీ_ఒడ్డు
@గడియారం_సెంటర్ బైకుల మాట ఒప్పుకుంటా. ఆ రోజు అంబులెన్స్ రెండు నిమిషాలు ఆగింది. ముందు పోస్టులో రాయలేదు, సిగ్గేసింది.

అంగడి_చిట్టా
ఆ మాట ముందే చెప్పాల్సింది. ఫిర్యాదు ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు అర్థమైంది.

రేట్ల సంగతికి రైతుబజార్ పద్ధతి చూడండి. 1999 జనవరి 26న మొదలుపెట్టినప్పటి నుంచి, రోజూ పొద్దున ఎస్టేట్ ఆఫీసర్ రైతులతో కూర్చొని ధర ఖరారు చేసి బోర్డు మీద రాస్తాడు. హోల్‌సేల్ కంటే పాతిక శాతం దాకా ఎక్కువ, బయటి రిటైల్ కంటే పాతిక శాతం దాకా తక్కువ, ఆ మధ్యలో ఉండాలని లెక్క. మీరు 14 మందే కాబట్టి ఆరింటికి ముందు పది నిమిషాలు కూర్చుంటే చాలు.

సాగర్_ఎడమకాల్వ
అందరూ ఒకే రేటు పెడితే నాణ్యంగా పండించినవాడికి ఏం మిగులుతుంది? నేను ఒప్పుకోను.

గడియారం_సెంటర్
పైరేటు ఒకటి రాయండి చాలు. కిందికి ఎంతకైనా అమ్ముకోండి.

కొల్లాపూర్_మామిడి
మేం ఏడాదిన్నరగా నడుపుతున్నాం, ఒక ప్రైవేటు ప్లాటులో. పర్మిషన్ల కంటే మాకు ఎక్కువ తలనొప్పి తెచ్చింది "సొంత పంట మాత్రమే" అన్న మా రూలే. ఒక శ్రావణంలో కొత్తాయన చేరాడు. మొదటి వారం తోటకూర. రెండో వారం తోటకూర, క్యారెట్. మూడో వారం యాపిల్స్. నున్నగా, ఒక్కోదాని మీద చిన్న స్టిక్కర్. మీ తోట ఎక్కడ అని అడిగితే "అచ్చంపేట అవతల" అన్నాడు.

పాలమూరు_పల్లి
నల్లమలలో కాశ్మీర్ 😂

జడ్చర్ల_జామ
స్టిక్కర్లు కూడా చెట్టుకే కాశాయా?

కొల్లాపూర్_మామిడి
అప్పటి నుంచి చేరే ప్రతి ఒక్కరి పొలానికి మా వాళ్లు ఇద్దరు పోయి చూసి వస్తారు. పాసుబుక్కు అడగం. ఏఈవో (వ్యవసాయ విస్తరణ అధికారి) దగ్గర పంట నమోదు ఉంటే మంచిది, లేకపోయినా చేను కనపడితే చాలు. దాంతో కౌలు రైతులకు ఇబ్బంది పోయింది. మూసీ అన్నా, మీ ఐదుగురినీ అలాగే చేర్చుకోండి. రైతుబజార్ కార్డుకు వేరే పద్ధతి ఉంది, మీ అంగడికి మీరే రూలు.

ఆలుగడ్డ, ఉల్లిగడ్డ విషయంలో మాత్రం మెట్టు దిగాం. అవి లేకపోతే జనం మళ్లీ వేరే దుకాణానికి పోతారు, అక్కడే మిగతావీ కొంటారు. ఒక్క మహిళా సంఘానికి అవి రెండే అమ్మమని ఇచ్చాం, "బయటి సరుకు" అని పెద్ద అట్ట కట్టాం. అట్ట చూసి ఎవరూ కొనడం మానలేదు.

మిగతా ఏర్పాట్లు: ఆడవాళ్లకు టాయిలెట్ ముందే చూసుకోండి, మేం మూడు నెలలు ఎదురింటి వాళ్లను బతిమాలాం. పల్చటి కవర్లు వద్దు. 120 మైక్రాన్ల లోపు క్యారీ బ్యాగులు 2022 చివరి రోజు నుంచి నిషేధం, ఫైన్ వేయడానికి అన్నిటికంటే తేలిక దొరికేది అదే. చెత్త మూటగట్టి ఇంటికి తీసుకుపోతాం, గేదెలకు పండగ.

సేంద్రియ_సందేహం
సేంద్రియ అని బోర్డు పెట్టొచ్చా? మా దగ్గర సర్టిఫికెట్ లేదు, ఆవు పేడ, జీవామృతం తప్ప ఏమీ వేయం.

కొల్లాపూర్_మామిడి
టర్నోవర్ 12 లక్షల లోపు ఉండి, పండించినవాడే నేరుగా తినేవాడికి అమ్మితే సర్టిఫికెట్ లేకపోయినా సేంద్రియ అనొచ్చు. సర్టిఫికెట్ ఉన్న సేంద్రియ సరుకు మీద వేసే జైవిక్ భారత్ గుర్తు మాత్రం వేయకూడదు. కాగితం కావాలంటే పీజీఎస్ అని రైతులే ఒకరికొకరు హామీగా ఉండే పద్ధతి ఉంది, కనీసం ఐదుగురు రైతులు గ్రూపు కట్టి ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకోవాలి. అసలైన తనిఖీ వేరే ఉంది. పురుగున్న వంకాయ ఒకటి గంపలో పైనే పెట్టండి.

మెట్టుగడ్డ_మిర్చి
పురుగు కూడా బయటి నుంచి తెప్పిస్తారు కొందరు.

నాటుకోడి_నర్సన్న
కోళ్లు తెచ్చి అక్కడే కోసి ఇవ్వొచ్చా? గిరాకీ బాగుంటుంది.

అంగడి_చిట్టా
వద్దు. కూరగాయల పక్కన, రోడ్డు మీద, కోసే పని పెట్టుకుంటే మొత్తం అంగడే లేచిపోతుంది. గుడ్ల వరకు ఆగు.

పిల్లలమర్రి_నీడ
జీఎస్టీ?

నల్లకోటు_నకిరేకల్
తాజా కూరగాయలు, పండ్లకు లేదు. తన పొలంలో పండిన దాన్ని అమ్మే రైతు రిజిస్ట్రేషన్ తీసుకోనక్కర్లేదు. పచ్చడికి ఉంది, కానీ టర్నోవర్ పరిమితి దాటాకే. చెల్లెకు ఆ రోజు రావాలని కోరుకుందాం.

జడ్చర్ల_జామ
ఊళ్లలో పెట్టేవాళ్లకు ఒక మాట. పంచాయతీ అంగడిలో తైబజార్ వేలం పాడుకున్నవాడు గంపకు ఇంత అని తీసుకుంటాడు. రేటు వేలం కాగితంలోనే రాసి ఉంటుంది. మా దగ్గర పది అని రాసుంటే ఇరవై గుంజేవాడు. బోర్డు పెట్టమని గ్రామసభలో అడిగితే మరుసటి వారం పదికి దిగాడు.

మూసీ_ఒడ్డు
నాలుగు వారాలైంది, ఏం జరిగిందో రాస్తా.

రోడ్డు వదిలేశాం. గ్రౌండు వెనక ఫంక్షన్ హాల్ ఉంది, దానికి పార్కింగ్ ప్లాటు. ఓనర్‌ను అడిగితే "పెళ్లి లేని ఆదివారాలు, తొమ్మిదిన్నరకల్లా ఊడ్చి ఇవ్వాలి" అని తెల్లకాగితం మీద రాసిచ్చాడు. అద్దె లేదు, వాళ్లావిడకు వారానికి రెండు కట్టల గోంగూర. దాని కాపీ, 14 మంది పేర్లు, టైము, చెత్త మేమే ఎత్తుతామన్న హామీ, మైకు ఉండదన్న మాట, అన్నీ ఒక పేజీలో రాసి మున్సిపాలిటీలో ఇచ్చాం, స్టేషన్‌కు కాపీ. ఇన్‌వార్డు క్లర్కు "దీనికి జవాబు రాదు" అన్నాడు. ముద్ర వేస్తే చాలు సార్ అన్నాం. వేశాడు.

బైకులన్నీ ఇప్పుడు లోపలే. రెండు కాంటలకు ముద్ర పడింది. చెల్లె రిజిస్ట్రేషన్ వచ్చింది, 100 రూపాయలే, ఏజెంట్ లేడు. నూనెకు సీసాలు దొరికేదాకా ఆపింది, ఆ కోపం నా మీద ఉంది. పైరేటు బోర్డు పెట్టాం, రెండు వారాలుగా టమాటా దగ్గర కొట్లాట జరుగుతోంది. సమాచార హక్కు జవాబుకు ఇంకా నాలుగు రోజుల గడువుంది.

వచ్చే నెల మూడు ఆదివారాలు పెళ్లిళ్లు. ఆ మూడు వారాలు ఎక్కడ కూర్చోవాలో తెలియదు.

కొల్లాపూర్_మామిడి
హాలు వాళ్లనే అడగండి, పెళ్లి వంటకు కూరగాయలు మీ దగ్గరే తీసుకోమని.

మూసీ_ఒడ్డు
అయ్యో, ఇది తట్టనే లేదు. రేపే అడుగుతా.

నల్లకోటు_నకిరేకల్
గొడుగు, ట్రేలు వచ్చాయా?

మూసీ_ఒడ్డు
గొడుగు వచ్చింది, ఒక పుల్ల విరిగి. ట్రేలు ఐదు వచ్చాయి. ఆరోది ఆఫీసు వెనక కనపడింది. వాచ్‌మన్ మట్టి నింపి కొత్తిమీర వేశాడు, బాగా మొలిచింది.

తూకంరాయి
కట్ట ఎంతకు ఇస్తాడో కనుక్కో అన్నా. అమ్మితే పర్మిషన్ ఉందా అని మనం అడుగుదాం.